చుక్కాని పట్టినవాడు

కోరంగిలో ఓడ చదువు చెప్పే భైరవమూర్తి గారికి ఒక అలవాటుండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, గొడుగు అందుకుంటారు. ఆ గొడుగు వెనక శిష్యుడు నడవాలి. సముద్రానికి పోటూ పాటూ ఎందుకొస్తాయని అడిగినవాణ్ణి ఒకసారి మడ అడవిలోకి తీసుకుపోయి, పొద్దు వాలేదాకా బురదలో నిలబెట్టారు. వాడికి చంద్రుడి సంగతి ఎంత తెలిసిందో గాని బురద సంగతి మాత్రం క్షుణ్ణంగా తెలిసింది. అవి దొరతనం వారి కొత్త చట్టం వచ్చిన రోజులు. పరీక్ష నెగ్గి సర్టిఫికెట్టు పుచ్చుకున్న మనిషి లేనిదే పెద్ద ఓడ రేవు దాటకూడదన్నారు. తాతల నాటి నుంచీ చుక్కలు చూసుకుంటూ రంగూను పోయి వచ్చేవాళ్ళు ముందు నవ్వారు, తరవాత తిట్టారు, ఆ తరవాత ఒక్కొక్కరే పలక చంకన పెట్టుకుని భైరవమూర్తి గారి అరుగెక్కారు.

ఆ అరుగు మీద పెసింగి గంగాచలం లెక్కల్లో దిట్ట. ఆ ఏడు పరీక్షకు వెళ్ళవలసినవాడు. ఓడ మీద పని చేసిన అనుభవం చూపించాలి కనక, రంగూను నుంచి టేకు దుంగలు తెచ్చే ఓడ ఎక్కాడు. ఆ ఓడ ఇంటి గుమ్మం దాకా వచ్చి, గోదావరి సముద్రంలో కలిసే మొగలో ఇసుక మేట మీద పడి విరిగిపోయింది. అందరూ దుంగలు పట్టుకుని ఒడ్డున పడ్డారు. వంటవాడు లోవరాజు పడలేదు.

కాకినాడ కచేరీలో ఓడ విచారణ రేపనగా గంగాచలం గురువుగారి దగ్గరికి వచ్చి, అరుగు మీద కూర్చోకుండా కింద మట్టిలో కూర్చున్నాడు.

"గురువుగారండీ, కెప్టెను కొండలరాయుడు గారు జ్వరంతో కింద పడుకుని ఉన్నారండి. పాటుకు నీళ్ళు తీస్తున్నాయి, లంగరు వేసి పోటు వచ్చేదాకా ఆగరా అని నాకు చెప్పారండి. చుక్కాని నా చేతిలో ఉంది. చిన్నప్పటి నుంచీ ఈతలు కొట్టిన మొగ గదా, నాకు తెలీనిదేముందనుకున్నాను. గుండు దించి లోతు కూడా చూళ్ళేదండి. మొన్నటి వరదకు మేట జరిగిందని నాకు తెలీదు." అప్పుడు అసలు ప్రశ్న అడిగాడు. "చేసిన తప్పు నలుగురిలో ఒప్పుకుంటే బరువు దిగుతుందంటారు. నిజమేనాండీ?"

భైరవమూర్తి గారు గొడుగు వంక చూశారు. "రేపు నేనూ కాకినాడ వస్తాను," అన్నారు.

ఇక్కడ ఆ తీరపు ఆచారం ఒకటి చెప్పుకోవాలి. ఓడ విరిగి గట్టెక్కినవాళ్ళు, తడిబట్టలు పిండుకోకముందే, మిగిలిన తాడుముక్క ఒకటి అందరూ కలిసి పట్టుకుని ఒట్టు వేసుకునేవారు. ఎవరడిగినా సరే, చుక్కాని నా చేతిలోనే ఉందని ప్రతివాడూ చెప్పాలి. కులపెద్దల ముందు ఇది చక్కగా నడిచింది. అందరూ నేనంటే నేననేసరికి పెద్దలు అందరికీ కలిపి తప్పు వేసేవారు, పోయినవాడి ఇంటికి అందరూ కలిసి గింజలు పోసేవారు. ఏ ఒక్కడి ముఖమూ ఊళ్ళో నల్లబడేది కాదు. ఇప్పుడు అడిగేది కులపెద్దలు కారనీ, అక్కడ రాసుకునే మనిషి ఒకడుంటాడనీ ఆ తాడు పట్టుకున్నవాళ్ళకెవరికీ తట్టలేదు. గంగాచలం కూడా పట్టుకున్నాడు. ఆ ఒట్టులో తనొక్కడికే అబద్ధం లేదని అప్పుడే గుర్తొచ్చి, తాడు చేతిలో కాలినట్టయింది.

కచేరీలో మేజిస్ట్రేటు దొర మధ్యన కూర్చున్నాడు. అటొకరు, ఇటొకరు సముద్రం తెలిసిన దొరలు. చెడ్డవాళ్ళేం కారు, ఉక్కకు ఉడికిపోతూ కూడా ఓపిగ్గా వింటున్నారు. వసారాలో లోవరాజు తల్లి నూకాలు గోడకు జేరబడి కూర్చుంది. కొడుకును ఎవరు ముంచారో ఇవాళ దొరలు తేలుస్తారని ఎవరో ఆమెతో అన్నారట.

కళాసీల పెద్ద తండేలు ముందు లేచాడు. "సుక్కాని నా సేతిలోనే ఉందండి బాబూ."

దొర రాసుకున్నాడు. తెరచాపల మనిషి లేచాడు. "నా సేతిలో ఉందండి." దొర తల ఎత్తాడు. మూడోవాడూ అదే, నాలుగోవాడూ అదే. దొర కలం కింద పెట్టేశాడు. మాట మార్చి చెప్పే దుబాసీకి విసుగెత్తి, "ఏమయ్యా, ఆ చుక్కానికి ఎన్ని పిడులున్నాయి?" అన్నాడు. కచేరీ అంతా గొల్లుమంది.

ఆ నవ్వు అణగకముందే గంగాచలం వంతు వచ్చింది. అన్నీ చెప్పాడు. లంగరు వెయ్యమన్న మాట, తను వెయ్యకపోవడం, గుండు దించకపోవడం, మేట తగిలినప్పుడు వంటగది వైపు నుంచి వచ్చిన కేక, ఏదీ దాచలేదు.

"ఇతను కూడానా?" అన్నాడు దొర.

"ఇతనూనండి. కాకపోతే కాస్త చదువుకున్నవాడు, వివరంగా చెబుతున్నాడు," అన్నాడు దుబాసీ. మళ్ళీ నవ్వులు.

"నిజమండీ! మిగతావాళ్ళది ఒట్టు. నాది నిజం. నాకు శిక్ష వెయ్యండి!"

దొర అతని వంక జాలిగానే చూసి ఏదో అడిగాడు. దుబాసీ చెప్పాడు. "నీకు సర్టిఫికెట్టు ఉందా అంటున్నారు."

"లేదండి."

"ఈ కోర్టు వేసే శిక్ష సర్టిఫికెట్టు లాక్కోవడమేనట. అయితే నీ దగ్గర తీసుకోవడానికి ఏమీ లేదుట. కూర్చో."

చివరికి కొండలరాయుడు గారు లేచారు. జ్వరానికి సగమైన మనిషి, దుప్పటి కప్పుకునే వచ్చారు. లంగరు వెయ్యమన్నానని ఒక్క మాట అంటే చాలు. గంగాచలం చేతులు జోడించి ఆయన కళ్ళలోకే చూస్తున్నాడు. ఆయన తన అరచేయి ఒకసారి చూసుకుని అన్నారు.

"చుక్కాని నా చేతిలోనే ఉంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. దొర కలం అందుకున్నాడు. ముగ్గురు దొరలూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. కొండలరాయుడు గారు రేకు గొట్టంలోంచి సర్టిఫికెట్టు తీసి బల్ల మీద పెట్టి, ఉత్త గొట్టం చంకలో పెట్టుకుని బయటికి వచ్చారు.

"ఎందుకన్నారండీ ఆ మాట?" అని గంగాచలం కాళ్ళు పట్టుకున్నాడు.

"తాడు నేనూ పట్టుకున్నాను కదరా," అన్నారాయన. "లే. ఉప్పు పడవలకు ఈ కాగితం అడగరులే."

వసారాలో నూకాలు లేచి నిలబడింది. "ఎవరని తేల్సారు నాయనా?"

గంగాచలం ఆమె ముందు కూలబడ్డాడు. "నేనేనమ్మా. నీ కొడుకును పొట్టన పెట్టుకున్నది నేనే."

ముసలామె అతని తల నిమిరింది. "తండేలూ వచ్చి ఇదే మాటన్నాడు. అందరూ ఒక్కొక్కరే వచ్చి అన్నారు. నువ్వూ అంటన్నావు. మంచి మనసు నాయనా నీది, సల్లగా ఉండు," అని, కర్ర తడుముకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తిరుగు పడవలో గురుశిష్యులిద్దరే. కాలవ నీళ్ళు కదలడం లేదు. చాలా దూరం వచ్చాక గంగాచలం అన్నాడు. "నేనింక పరీక్షకు వెళ్ళనండి."

భైరవమూర్తి గారు గొడుగు ముడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

"వెళ్ళు," అన్నారు. "పోగొట్టుకోవడానికి నీ దగ్గరా ఏదో ఒకటి ఉండాలి."