మూడు వేళ్ల అడుగు

రాళ్లగుట్ట మేకలమందలో ఒక ఆచారం ఉండేది. నేల మీది జాడలు చదవడం పోతులకే నేర్పేవారు. ఆడమేక ముందు మేక తోక చూస్తూ నడవాలి, అంతే. నేల చూస్తే పాలు ఎండిపోతాయట. ఎవరన్నారంటే పెద్దలన్నారు అనేవారు. ఆ పెద్దల చెవిలో ఊదింది నక్క అని మాత్రం ఎవరూ అనరు.

పొద్దున్నే తల్లులు మేతకు, పోతులు గుట్ట మీది ఉప్పురాయి నాకడానికి పోయేవి. ఆ రాయికి దారి చూపింది నక్కే. గుంటలో వదిలిపోయే పిల్లలకు కాపలా కూడా నక్కే. నాలుగు ఎండాకాలాల్లో తొమ్మిది పిల్లలు పోయాయి. ప్రతిసారీ నక్క "తోడేలు వచ్చిందమ్మా" అని ఏడ్చి, తల్లికి ఒక తుమ్మకొమ్మ తెచ్చిపెట్టేది. మందంతా ఆ కొమ్మను మెచ్చుకునేది. సిగ్గులేని మంద.

పదోది చుక్కి అనే మేక కవలల్లో ఒకటి. నక్క కొమ్మ తెచ్చింది. చుక్కి ముట్టలేదు.

"తిను చెల్లీ. కడుపు మాడ్చుకుంటే పోయింది తిరిగొస్తుందా?"

"ఉన్నదాన్ని కాపాడుకునే దారి చెప్పు నక్కన్నా."

"నేను లేనూ?"

మందలో అందరికంటే వెనక కుంటుతూ నడిచే ముసలిమేక కుంటవ్వ. ఒక వానాకాలం తప్పిపోయి, చూడ్డానికి ముందు తోక లేక, నేల చూసి జాడలు పట్టుకుని మూడు రోజులకు మందను చేరింది. ఆ కుంటవ్వ చుక్కిని గుంట దగ్గరికి లాక్కుపోయింది.

"నేల చూడు."

"పాలు ఎండిపోతాయవ్వా."

"చూడవే. తోడేలు అడుగులో నాలుగు వేళ్లుంటాయి. ఈ ఎడమ అడుగులో ఎన్ని?"

"మూడు."

"ముల్లు దిగి ఎడమకాలి వేలు పోగొట్టుకున్నది ఎవరు? వచ్చేటప్పుడు అడుగు తేలిక, పోయేటప్పుడు లోతు. ఏం మోసుకుపోయింది?"

చుక్కి ఆ లోతు అడుగులో తన గిట్ట పెట్టి చూసింది. "కంచే చేను మేసిందన్నమాట. తెలిసీ ఇన్నాళ్లు నోరు మూసుకున్నావా అవ్వా?"

"వెలివేస్తారని భయపడ్డాను. ఆ పాపం నాదే. అందరినీ పిలువు, నేర్పుతా."

మేతకు పోయిన చోట పదకొండు ఆడమేకలూ వారం రోజులు నేల చదివాయి. పెద్దపోతు చూసి, "ఏమిటా వంగి వంగి చూడ్డం?" అంది.

"ముళ్లు ఏరుకుంటున్నాం నాయనా," అంది కుంటవ్వ.

గుంట నుంచి నక్క జాడ రెండు బండల మధ్య ఇరుకుదారిలోకి పోతుందని వాటికి తెలిసిపోయింది. ఎనిమిదో రోజున ఎప్పటిలాగే తోకలు చూస్తూ బయల్దేరి, గుట్ట చుట్టి వచ్చి, ఆ దారికి రెండు వైపులా నిలబడ్డాయి. మిట్టమధ్యాహ్నం నక్క వచ్చింది. నోట్లో చుక్కి రెండో పిల్ల, ఇంకా తన్నుకుంటోంది.

కొమ్ములు చూసి నక్క పిల్లను వదిలేసింది. "తోడేలు నోట్లోంచి లాక్కొస్తున్నానమ్మా."

"తోడేలు అడుగు చూపించు. ఇక్కడున్న ఎడమ అడుగులన్నీ మూడు వేళ్లవే," అంది చుక్కి.

నక్క గబుక్కున ఎడమకాలు పొట్ట కిందికి ముడుచుకుంది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

"చుక్కమ్మా, నేల చూడకు తల్లీ, పాలు ఎండిపోతాయి."

"ఈ తల్లులకు ఎప్పుడో ఎండాయి. నేల చూసి కాదు. తాగే పిల్ల నీ కడుపులోకి పోయి."

తర్వాత కొమ్ములు మాట్లాడాయి. నక్క మూడు కాళ్ల మీద ముళ్లలోయలోకి పారిపోయి, మళ్లీ ఆ గుట్ట ఎక్కలేదు.

పెద్దపోతు తీరిగ్గా దిగివచ్చింది. "మాతో ఒక్క మాట చెబితే మేం చూసుకునేవాళ్లం కదా?"

"నీకు జాడలు చదవడం వచ్చు గదా బావా," అంది చుక్కి. " రోజూ ఈ గుంట పక్కనుంచే ఉప్పురాయికి పోతావు. పదిసార్లూ ఏం చదివావు?"

పోతు మూతికి ఉప్పు ఇంకా తెల్లగా అంటుకునే ఉంది. 

ఆ ఏటినుంచి ఆ మందలో పిల్ల ఆడదైనా మగదైనా, గడ్డి కొరికే ముందే నేల చదవడం నేర్చుకుంటోంది. పదకొండో పిల్ల పోలేదు.

తల్లికి మేత పెడితే పూట గడుస్తుంది, చదువు పెడితే మంద నిలుస్తుంది; వద్దనేవాడి అడుగులు ముందు చూడండి.