బోర్లించిన బుట్ట

అనగనగా ఇప్పచెట్లు నిండిన ఒక అడవిలో నూకమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. మూడు కరువులకు ఎదురు నిలిచి ఇప్పపూల కళ్ళం నిలబెట్టుకుంది. ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి పిల్లలూ. ఎండెక్కకముందే ఏరి ఆరబెట్టాలి. అందుకే ఆ కళ్ళంలో ఒక కట్టుబాటు. మూడుసార్లు ఆలస్యమైతే బుట్ట బోర్లించేస్తారు. అంటే ఇక పనికి రావద్దని.

పూలు ఏరేవాళ్ళలో పైడి అనే ఉడుత మహా చురుకు. పాడుతూ ఏరేది. నూకమ్మకు ఆ పిల్లంటే ఎంతో ముద్దు.

ఒకరోజు పైడి ఆలస్యంగా వచ్చింది. తోక మీద జుట్టు సగం ఊడిపోయి ఉంది.

"ఏమైందే?" అంది నూకమ్మ.

"ముళ్ళకంప పట్టేసింది పెద్దమ్మా."

నూకమ్మ నమ్మలేదు. అయినా "సరే, పని చూసుకో" అనేసింది.

మర్నాడూ ఆలస్యమే. ఈసారి చెవి చీరుకుపోయింది. ఆరోజు పైడి పాడలేదు.

"మా ఆయన జోగులు కొట్టాడు పెద్దమ్మా. ఇవాళ వాగు అవతల మా చెల్లి గూటికి వెళ్ళిపోతున్నా" అని గొణిగింది.

"ఇంటి గొడవ ఇంట్లోనే వదిలి రావాలమ్మా. మొగుడూపెళ్ళాల మధ్య నేనెవర్ని?" అంది నూకమ్మ. మంచిమాటే చెప్పాననుకుంది.

మధ్యాహ్నం జోగులు కళ్ళం గుమ్మం దగ్గరకు వచ్చాడు. చేతిలో తునికిపళ్ళు, మొహం నిండా నవ్వు.

"మా ఆవిడ అలిగింది పెద్దమ్మా. బతిమాలుకుందామని వచ్చా. ఏ దారిన వెళ్తుంది?"

"పొద్దు వాలాక, వాగు దారిన" అంది నూకమ్మ, ఒక పండు నోట్లో వేసుకుంటూ. ఇద్దరూ కలిస్తే మంచిదేగా అనుకుంది.

మూడోరోజు ఎండెక్కినా పైడి రాలేదు. నూకమ్మ బుట్ట బోర్లించింది. అప్పుడొచ్చింది పైడి, కుంటుకుంటూ.

"వాగు దగ్గర పొదలో కాచుకున్నాడు పెద్దమ్మా. ఆ దారి వాడికెవరు చెప్పారో..."

బోర్లించిన బుట్ట కళ్ళబడింది. కుంటుతూనే వెనక్కి తిరిగింది.

గుమ్మం దగ్గర కాపలా ఉండి ఇదంతా విన్న ముళ్ళపంది అప్పన్నకు ఒళ్ళు మండింది. "భేష్ నూకమ్మక్కా! కొట్టేవాడికి దారి చూపించావు, దెబ్బలు తిన్నదాన్ని వెళ్ళగొట్టావు. చీరుకుపోయిన చెవిని ఇంట్లో వదిలి రావడం ఎలాగో కూడా చెప్పు మరి! పనికి పిలిచినవాళ్ళదే పనివాళ్ళ ప్రాణపూచీ అని అడవి చట్టం. అది నీకు వర్తించదా?"

"నోర్ముయ్యరా ముళ్ళోడా!" అని గర్జించింది నూకమ్మ. కానీ వెంటనే పరుగెత్తి పైడికి అడ్డం నిలబడింది.

"దారి చెప్పింది నేనే తల్లీ. తప్పు నాది. నీకేం కావాలో నువ్వే చెప్పు. సర్దుకోమనీ అనను, విడిపొమ్మనీ అనను."

పైడి ఇటు తిరిగింది. "నాకు కళ్ళం లోపలివైపు పని ఇవ్వు. మా చెల్లి గూటికెళ్ళేటప్పుడు ఒకరు తోడు రావాలి. అడవి పంచాయతీలో చెప్పుకోడానికి రెండు రోజులు సెలవు కావాలి."

"నాలుగు తీసుకో. ఎన్నాళ్ళకొచ్చినా ఈ బుట్ట నీదే" అంటూ నూకమ్మ తన చేత్తోనే బుట్టను నిలబెట్టింది.

మర్నాడు జోగులు మళ్ళీ పళ్ళు పట్టుకొచ్చాడు. "మా ఆవిడ వచ్చిందా?"

"ఇక్కడికి ఎవరొచ్చారో, ఏ దారిన వెళ్తారో ఎవరికీ చెప్పం."

"నా పెళ్ళాం గురించి నాకే చెప్పవా?"

"చెప్పను. నీ పళ్ళు నువ్వే తిను. ఇంకోసారి ఈ గుమ్మం తొక్కితే పంచాయతీకి నేనే చెప్తా."

"అక్కా, నా వీపు దురదగా ఉంది. ఈ అబ్బాయిని కాస్త గోకమననా?" అంటూ అప్పన్న ముళ్ళన్నీ నిక్కబొడిచాడు. జోగులు పళ్ళు పారేసి పరుగో పరుగు!

పంచాయతీ పైడి మాట విన్నది. జోగులు వాగు దాటకూడదని, కళ్ళం దరికి రాకూడదని తీర్పు చెప్పింది. కళ్ళంలో కట్టుబాటూ మారింది. ఎవరైనా ఆలస్యమైతే, బుట్ట ముట్టుకునే ముందు నూకమ్మ వాళ్ళ పక్కన కూర్చుంటుంది. "ఏమైంది తల్లీ?" అని అడుగుతుంది. జవాబు వచ్చేదాకా లేవదు.

కొన్నాళ్ళకు, ఒక తెల్లవారుజామున కళ్ళం లోపలినుంచి సన్నగా పాట వినిపించింది.

"పాట తగ్గించి పని చూడవే!" అని కసిరింది నూకమ్మ. అని, పాట ఆగిపోతుందేమోనని ఊపిరి బిగబట్టి వింది.

నీతి: పనివాళ్ళకు ఇంట్లో తగిలే దెబ్బ పనిచోటికీ వస్తుంది. అది వాళ్ళింటి గొడవ అని తప్పుకోకుండా, అడిగి, విని, కాపాడటం పని ఇచ్చినవాళ్ళ బాధ్యత.