బంతి లోపలి కుట్టు

ఒకప్పుడు పారిస్‌లో అనతోల్ అనే టెన్నిస్ ఆటగాడు ఉండేవాడు. అంతటి ఆటగాడు ఫ్రాన్సు మొత్తంలో లేడని ఎరిగినవాళ్లు అనేవారు. ఏం లాభం? పొట్టకూటి కోసం అతను ఒక క్లబ్బులో దొరబాబులకు ఆట నేర్పేవాడు. నేర్పినందుకు జీతం పుచ్చుకున్నవాడు ఛాంపియన్‌షిప్‌లో ఆడకూడదని ఆ రోజుల్లో రూలు.

ఆ ఏడు కప్పు అతను నేర్పిన దొరబాబే గెలిచాడు. ఆ పొద్దున ప్రాక్టీసులో అనతోల్ అతన్ని ఆరు-ఒకటితో చిత్తు చేశాడు. ఆ ఒక్క గేమూ జాలిపడి వదిలేసిందే. సాయంత్రం దొరబాబు కప్పు పట్టుకుని, తన బూట్లు కుట్టినవాడితో సహా అందరికీ థాంక్స్ చెప్పాడు. కంచె అవతల నిలబడ్డ అనతోల్ పేరు మాత్రం ఎత్తలేదు. సొమ్మొకడిది, సోకొకడిది.

అనతోల్ అక్కడ ఇక నిలబడలేదు. తిన్నగా గురువు బార్తెలెమీ దగ్గరికి వెళ్లాడు. ఆ ముసలాయన నేర్పేది నాలుగు గోడల మధ్య ఆడే పాతకాలపు టెన్నిస్. దానికి బంతులు చేత్తోనే చుట్టి కుట్టుకోవాలి. పైగుడ్డ చిరిగితే అదొక్కటే మారుస్తారు. అనతోల్ మొదట సూది పట్టింది కూడా ఆయన బల్ల ముందే.

“నాకు ముప్పై ఎనిమిది నిండాయి గురువుగారూ. మోకాలు అరిగిపోయింది. రేపు రూలు మారినా ఇక ఆడలేను. నేనెంతటివాణ్ణో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. రేపటి నుంచి రాకెట్ ముట్టను.”

బార్తెలెమీ బల్ల ముందుకు జరిగాడు. చిరిగిన బంతి ఒకటి తీసి, కత్తితో కుట్లు తెంచాడు. తెల్ల గుడ్డ ఊడి వచ్చింది.

“ఈ కుట్టు ఎవరిది?”

“నాదే.” ముడి దగ్గర సూది రెండుసార్లు తిప్పడం అనతోల్ అలవాటు.

గుడ్డ కింద దారంతో బిగించిన పేలికలు కనిపించాయి.

“ఈ చుట్టు?”

“మీది.”

ముసలాయన పేలికలన్నీ విప్పాడు. అడుగున ఉసిరికాయంత ఉండ ఒకటి బయటపడింది. నల్లబడిపోయింది కానీ దాని కుట్టు ఒక్కటీ సడలలేదు. అంత సన్నని కుట్టు అనతోల్ ఎన్నడూ చూడలేదు.

“ఇదెవరిది?” ఈసారి అడిగింది అనతోల్.

“మా గురువుగారి చేతికి బంతి వచ్చేసరికే ఇది లోపల ఉంది. ఎవరిదో ఆయనకీ తెలియదు.”

అనతోల్ ఆ కుట్టు మీద వేలు రాశాడు. “ఇంత పనివాడి పేరు కూడా మిగల్లేదా! మీకు బాధ లేదా గురువుగారూ?”

“ఉందిరా. నలభై ఏళ్లుగా ఉంది.”

ఆయన ఆ ఉండ మీద మళ్లీ పేలికలు చుట్టడం మొదలుపెట్టాడు.

“పొద్దున్నే కుర్రాళ్లు ఆటకి వస్తారు. ఆ సూదిలో దారం ఎక్కించు. నాకు కళ్లు ఆనడం లేదు.”

అనతోల్ సూది అందుకున్నాడు. మూడోసారికి దారం ఎక్కింది.