నూకాలు కోసం పట్టిన తెర

అనగా అనగా, ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టే రోజుల్లో, నాగావళి ఒడ్డు ఊళ్లలో భాగవతాలాడే మేళం ఒకటి ఉండేది. మేళానికి పెద్ద దాలినాయుడు. రాణి వేషం కట్టేవాడు వీరాసామి. ఆ వీరాసామికి చీర కట్టి, జడ అల్లి, కాటుక దిద్దే మనిషి నూకాలు. మద్దెల వాయించే మొగుడు పోయాక ఆమెకు మేళమే ఇల్లు.

ఒక ఎండాకాలం దారిలో ఆమె చంటిబిడ్డ జ్వరమొచ్చి పోయింది. బిడ్డను ఏటి ఇసుకలో పూడ్చిపెట్టి నూకాలు ఏడ్చింది. గొంతు పైకి రాలేదు. ఖాళీ ఒడిని చేత్తో తడుముకుంటూ, తడుముకుంటూ ఏడ్చింది. వీరాసామి పక్కనే నిలబడి చూశాడు.

తర్వాతి ఊళ్లో, కొడుకును పోగొట్టుకున్న రాణిగా వీరాసామి ఒడి తడుముకుంటూ ఏడ్చాడు. ఊరు ఊరంతా ఏడ్చింది. ఆడదానికన్నా బాగా ఏడ్చాడని మెచ్చుకుంది. నూకాలు తెర పక్కనుంచి తన ఏడుపును తానే చూసింది.

అప్పట్నించీ ఆమెకు ఒకటే ఆశ. ఆ ఏడుపు తాను ఏడవాలి. ఆ దీపాల ముందు నిలబడి ఏడవాలి.

దాలినాయుడిని అడిగింది. ఆడది తెర ముందుకొస్తే ఊరు రాళ్లు రువ్వుతుందన్నాడు. మరుసటి ఏడు అడిగింది. అదే మాట అన్నాడు. మూడోసారి అడిగేనాటికి వీరాసామి గొంతు పూడుకుపోయింది. ఊళ్లేమో ఆటకు రమ్మంటున్నాయి. దాలినాయుడు ఈసారి కాదనలేకపోయాడు.

"కట్టు. కానీ ఊరికి నువ్వు నూకాలువి కావు. వీరాసామి తమ్ముడు నూకరాజువి. ఆడవేషం కట్టిన మగోడివి" అన్నాడు.

నూకాలు ఒప్పుకుంది. పగలు పంచె కట్టి తలపాగా చుట్టింది. పొద్దుగూకాక చీర కట్టింది. ఆడదై పుట్టి, మగవాడినని చెప్పి, ఆడదానిలా ఆడింది. నూకరాజు పేరు ఏటికి ఆవలి ఒడ్డు దాకా పాకింది.

ఒక ఊళ్లో ఆట అయ్యాక ఓ ముసలామె వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాయనా, మగోడివి. మా కడుపుకోత నీకెలాగ తెలిసింది?"

మాట నూకాలు నోటిదాకా వచ్చింది. దాలినాయుడు చూస్తున్నాడు. ఆమె తల వంచుకుని, గొంతు బొంగురు చేసి, "అన్న నేర్పాడమ్మా" అంది.

ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది. ఆడుతూనే ఉంది. మెప్పులు వింటూనే ఉంది. కానీ ఏ ఊళ్లో ఆడినా ఆడవాళ్లు కూర్చున్న వైపు చూసేది. ఎవరైనా తనను ఆడదని పోల్చుకుంటారేమోనని చూసేది. ఎవరూ పోల్చుకోలేదు.

ఏళ్లు గడిచాయి. ఆ ముసలామె ఊరికి మళ్లీ వెళ్తూ రేవు దగ్గర దిగినప్పుడు నూకాలుకు జ్వరం పట్టుకుంది. వీరాసామి గంజి పట్టబోతే వద్దంది.

"అన్నా, నన్నొక్కసారి నా పేరుతో పిలిపించు. ఆడోళ్లంతా ఇనాల" అంది. మధ్యాహ్నానికి పోయింది.

ఆ రాత్రికి ఒప్పుకున్న ఆట. తెర పట్టారు. రాణి రావలసిన వేళకు తెర వెనక ఎవరూ లేరు. దాలినాయుడు వారిస్తున్నా వీరాసామి ముందుకొచ్చాడు. ఇన్నేళ్లూ ఇక్కడ ఏడ్చింది మగవాడు కాదని, నూకాలు అనే ఆడదని ఆ పూడిపోయిన గొంతుతోనే చెప్పాడు. ఆ ఏడుపు తాను నేర్పలేదని, తానే ఆమె దగ్గర నేర్చుకున్నానని చెప్పాడు. ఆమె ఈ మధ్యాహ్నమే పోయిందని, పోయేముందు ఒక్కసారి తన పేరుతో పిలిపించమందని చెప్పాడు.

మగవాళ్ల వైపు కలకలం లేచింది. ఒకడు రాయి అందుకున్నాడు. వాడి తల్లి లేచి వచ్చి, ఆ రాయి తీసి పక్కన పెట్టింది. అప్పుడు ముసలామె నిలబడింది.

"మా పిల్లని రానీండి" అంది. తెర వైపు తిరిగి, "నూకాలూ, రా" అని పిలిచింది.

ఆడవాళ్లంతా పిలిచారు. మళ్లీ పిలిచారు. తెర తీశారు. అక్కడ దీపం వెలుగు తప్ప ఏమీ లేదు. ఆ వెలుగునే చూస్తూ కూర్చుండిపోయారు.

ఇప్పుడు ఆ ఊళ్లలో రాణి వేషమే కాదు, రాజు వేషమూ ఆడపిల్లలే కడుతున్నారు. మేళాలు నడిపేదీ వాళ్లే. అయినా ఆట మొదట్లో తెర పట్టి, వెనకకు ఎవరినీ పంపరు. ఆడవాళ్లు మూడుసార్లు "నూకాలూ, రా" అని పిలుస్తారు. పిలిచి ఆగుతారు. ఎవరికోసమని పిల్లలడిగితే, "మన పిల్లే. కాసింత ఆలస్యం అవుతాది" అంటారు. ఆ తర్వాతే మద్దెల మోగుతుంది.