మింగిన గుక్క

పరాంకుశం గారు వేణువు నేర్పేవారు. శిష్యులు ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అది తప్పించుకోవడం కాదని ఆయన దగ్గర కొన్నాళ్లు ఉన్నవాళ్లకు తెలుసు.

కేదారనాథ్ ఆయన దగ్గరకు రాకముందే నలుగురు గురువుల దగ్గర నేర్చుకున్నవాడు. గొప్ప చెవి. ఎవరి బాణీ ఏమిటో ఇట్టే పట్టేస్తాడు. తనకంటూ ఒక బాణీ మాత్రం ఇంకా కుదరలేదు. ఆ ఏడు నాసిక్‌లో గురువుగారి కచేరీకి తంబురా వేయడానికి వెంట వెళ్లాడు. మర్నాడు పొద్దున ఫలహారం దగ్గర మనసులో మాట బయటపెట్టాడు.

"గురువుగారూ, పూణేలో ఒక పెద్ద విద్వాంసులు నన్ను చేర్చుకుంటామన్నారు. వెళ్లాలో, మీ దగ్గరే ఉండాలో తేల్చుకోలేకపోతున్నాను. ఏది మేలో తెలిసేదెలా?"

ఆయనకు కోపం రాలేదు. "ఇక్కడ ద్రాక్షతోటలు బాగుంటాయట. చూసొద్దాం పద," అన్నారు.

తోటలు చూపించే సులోచన సోలాపూర్ తెలుగామె. తెలుగువాళ్లు వచ్చారని ఆమెకు పండగలా ఉంది. పందిళ్ల కింద నడిపించింది, పండిన గుత్తులు తుంచి తినిపించింది, చల్లటి గిడ్డంగుల్లో పీపాల మధ్య తిప్పింది. ప్రతి తోటలోనూ తలా గుక్కెడు వైన్ పోయించి, పక్కన ఒక డబ్బా పెట్టించింది.

"మింగొద్దు సార్. నోట్ల తిప్పి ఈ డబ్బల ఉమ్మేయండ్రి. మింగుకుంట పోతె కొద్దిసేపటికి ఏది ఏందో తెల్వదు."

పరాంకుశం గారు మొదటి గుక్కే మింగేసి, "అయ్యో, లోపలికి పోయిందమ్మా!" అని పసిపిల్లాడిలా నవ్వారు. కేదారనాథ్ శ్రద్ధగా ఉమ్మాడు. సాయంత్రానికల్లా కళ్లు మూసుకుని ఏది ఏ తోటదో చెప్పేస్తుంటే సులోచన చప్పట్లు కొట్టింది.

చివరి తోటలో భోజనం పెట్టారు. వేడివేడి జొన్నరొట్టెలు, గుత్తివంకాయ. గురువుగారు చేతికి అందిన సీసాలోంచి పోయించుకుని తినడం మొదలుపెట్టారు. కేదారనాథ్ మాత్రం అన్ని రకాలూ తెప్పించుకుని ముందు వరుసగా పెట్టుకున్నాడు. ఒక్కొక్కటే నోట్లో తిప్పి డబ్బాలో ఉమ్మాడు. ఒకటి పులుపెక్కువ, ఒకటి మరీ పలుచన, ఇంకొకటి వగరు. పళ్లెంలో రొట్టె చల్లారిపోతోంది. ఆ వగరుదే మరో గుక్క నోట్లో తిప్పి, అలవాటుగా పక్కకు వంగాడు. ఇందాకటిదాకా ఉన్న డబ్బా లేదు.

"తినేకాడ ఎందుకని తీసేశిన సార్," అంది సులోచన.

బుగ్గలు పొంగించుకుని గురువు వంక చూశాడు. ఆయన తల వంచుకుని వంకాయ తింటున్నారు. ఇక చేసేదిలేక మింగాడు. గొంతులోంచి వెచ్చగా దిగింది. రొట్టె తుంచి, కూర అద్ది నోట్లో పెట్టుకున్నాడు. మళ్లీ ఒక గుక్క తాగాడు. ఇందాకటి వగరే ఆ కారం మీద కమ్మగా తగిలింది. అతనికి తెలియకుండానే ఆకలి లేచింది. తక్కిన గ్లాసులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. సులోచన తన అత్తగారు మొదటిసారి వైన్ రుచి చూసి పాట అందుకున్న సంగతి చెబుతుంటే పొలమారేదాకా నవ్వాడు.

గ్లాసు ఖాళీ అయ్యాక నెమ్మదిగా అడిగాడు. "గురువుగారూ, అన్నిట్లోకీ ఇదే మంచిదంటారా?"

పరాంకుశం గారు మూతి తుడుచుకున్నారు.

"నాకేం తెలుసు నాయనా? నువ్వు తాగింది అదొక్కటేగా."