మోకాళ్ల మీద దాటే గడప

కొట్టాలు అనే ఊళ్లో గడపమ్మ గుడికి గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. ఎర్రగుట్ట దిగువన, కూలిన కోటగోడకు ఆనుకొని నాపరాళ్లతో కట్టిన ఒకే ఒక గది ఉంటుంది. కొత్తగా వచ్చినవారు లోపలికి తొంగిచూసి విగ్రహం ఎక్కడని అడుగుతారు. లోపల మూడు రాళ్ల పొయ్యి, దూలానికి వేలాడే చీర ఉయ్యాల తప్ప మరేమీ కనిపించదు. అమ్మవారు లోపల లేదు, వాకిట్లో ఉంది. వాకిలికి అడ్డంగా, పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టిన ఆ నల్లరాతి గడపే గడపమ్మ.

ఈ గడపను పాదం ఎత్తి దాటకూడదు. దాటుదామన్నా వీలుపడదు. రాయి మోకాలికి పైదాకా ఉంటుంది, వాకిలి పైన అడ్డంగా ఉండే పైకమ్మీ తల మీదికి దిగి ఉంటుంది. ఎంతటివారైనా చేతులూ మోకాళ్లూ ఆనించి, చంటిపిల్లల్లా పాకుతూ లోపలికి పోవలసిందే. అధికారులు అలాగే పోయారు, మంత్రులు అలాగే పోయారు. ఇళ్లు అద్దెకిచ్చే యజమానులు మాత్రం తప్పకుండా అలాగే పోవాలి. ఈ ఆచారం అసలు వారి కోసమే పుట్టింది.

ఎందుకు పుట్టిందో ఈనాడు వచ్చేవారిలో చాలామందికి తెలియదు. తెలిసి చెప్పగలిగినవారు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. అందువల్ల పేర్లతో సహా, విన్నది విన్నట్టుగా ఇక్కడ రాయడమైనది.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. మల్లప నాయడు అనే పాళెగాడు ఈ గుట్ట మీద కోట కట్టదలచి, రాతిపని వాళ్లను పిలిపించాడు. వాళ్లు వెంటనే ఒప్పుకోలేదు. "మా ఆడోళ్లలో నెలలు నిండినోళ్లు ఉండారు, చంటిబిడ్డల తల్లులు ఉండారు. పని అయిపోతానే పొమ్మంటే యాడికి పోవాల దొరా?" అని అడిగారు. నాయడు వెలుగుతున్న దీపం మీద చెయ్యి పెట్టి మాట ఇచ్చాడు. "ఏ ఇంట్లో గడప దాటని బిడ్డ ఉంటాదో, ఆ ఇంటి జోలికి నా మనుషులు రారు. బిడ్డ తనంతట తాను గడప దాటినంక, గారెలు వండుకొని తిని, అప్పుడు పోండి."

పాకే బిడ్డ మొదటిసారి గడప దాటిన రోజున గారెలు వండి వాడంతా పంచడం మన వైపు ఉన్న ఆచారమే. దొర నోట ఆ మాట రాగానే తల్లులు నమ్మారు. గుట్ట కింద వరసగా కొట్టాలు వేసుకున్నారు. తమ చేతులతోనే రాళ్లు చెక్కి గడపలు నిలుపుకున్నారు.

కోట లేచింది. ఇక చివరి వరస రాళ్లు పడతాయనగా లింగక్క అనే ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ఆదెమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఆదెమ్మ బోర్లా పడింది, పాకడం నేర్చింది. గడప దాకా వచ్చి, నుదురు రాతికి తగిలితే కోపంగా దాన్నే చూసి, వెనక్కి మళ్లేది. "ఇంకా నాలుగు దినాలు నీకు గారెలు లేవు పో" అని పక్కింటి వదిన కాటమ్మ ఆ మేనకోడలిని ఆటపట్టించేది.

ఆ రోజుల్లోనే నాయడు గుర్రాలు కొన్నాడు. మేలుజాతి గుర్రాలు. వానలు పడేలోపు వాటికి నీడ కావలసి వచ్చింది. కొత్తగా సాల కట్టించాలంటే ఆలస్యం, గుట్ట కింద కొట్టాలేమో సిద్ధంగా ఉన్నాయి. లింగక్క మొగుడు ఓబన్నతో సహా మగవాళ్లందరినీ దూరాన బావి తవ్వడానికి పంపించేశాడు. గడప దాటని బిడ్డలు లేని ఇళ్లను ఖాళీ చేయించాడు. మిగిలినవి చంటిబిడ్డలున్న ఇళ్లు. దీపం మీద చెయ్యి పెట్టి ఇచ్చిన మాట వాటికి అడ్డం ఉంది.

ఆ మాటను తప్పకుండానే తప్పే ఉపాయం కోట వ్యవహారాలు చూసే పారుపత్యగాడు శేషప్ప చెప్పాడు. శేషప్ప మెత్తని మనిషి. గొంతు పెంచడు, ఎవరినీ తిట్టడు. ఇలాంటి పనులు అలాంటివారి చేతుల మీదుగానే సాఫీగా జరుగుతాయి. గడ్డపారలు పట్టిన మనుషులతో కొట్టాలకు వచ్చి, "గడపలు అరిగిపోయినాయి తల్లీ. తీసేసి కొత్తవి వేయిస్తాం" అన్నాడు.

కాటమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకొని, "నిన్నగాక మొన్న మేం చెక్కి పెట్టిన నల్లరాయి అయ్యా అది. యా నాలికతో నాకి అరగదీసినారో?" అంది.

శేషప్ప నవ్వుతూనే మనుషులకు సైగ చేశాడు. గడపలన్నీ పెరికి బండిలో వేసుకుపోయారు. కొత్తవి రాలేదు. రావని తెల్లవారేసరికి అందరికీ అర్థమైంది.

వరసలో చివరి ఇంటి సాలమ్మ కొడుకు కోడిపిల్ల వెంట పాకుతూ, అడ్డం లేని వాకిట్లోంచి బయటికి వచ్చాడు. శేషప్ప మనుషులు అక్కడే కాచుకొని ఉన్నారు. "బిడ్డ దాటేసినాడు కదమ్మా, దొర మాట నిలబెట్టుకున్నాడు. ఇంక మీరు బయలుదేరండి" అన్నాడు శేషప్ప.

"యాడ దాటినాడు? గడప యాడుంది?" అని సాలమ్మ అరిచింది.

"లేకపోతే దాటడం ఇంకా సులువు కదా."

కుండలు బయటికి వచ్చాయి. ఉయ్యాల చీర వచ్చింది. సాలమ్మ బిడ్డతో గుట్ట పక్కన రాయి చాటున కూర్చుంది. సాయంత్రం వాన పడుతుండగా ఆ ఇంట్లో గుర్రాన్ని కట్టేశారు. దానికి జలుబు చేయకుండా గోనెపట్టా కూడా కప్పారు. గుర్రం తడవకూడదు, బిడ్డ తడవవచ్చు! దీపం మీద చెయ్యి పెట్టిన మనిషి నీతి అది. మిగతా తల్లులు సాలమ్మను తమ ఇళ్లలోకి లాక్కొచ్చుకునే వేళకు బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. ఆ బిడ్డ బతికి పెద్దవాడయ్యాడని కొందరు చెబుతారు, బతకలేదని కొందరు చెబుతారు. ఏది నిజమో ఈనాడు చెప్పగలిగినవారు లేరు.

మర్నాడు మధ్యాహ్నం లింగక్క ఆదెమ్మకు పాలిస్తూ గోడకు చేరగిలబడింది. వాకిట్లోకి చూస్తే గడప పెరికిన గుంట, పన్ను ఊడిన నోరులా ఉంది. పిల్ల దిగుతానని గింజుకుంటోంది. దించితే నేరుగా అటే పాకుతుంది. ఎంతసేపని పట్టుకుని కూర్చోగలదు? పొయ్యి ముట్టించాలి, నీళ్లు తెచ్చుకోవాలి. పాకడం నేర్చినందుకు బిడ్డకు దిష్టి తీయవలసిన తల్లి, ఆ పాకడాన్ని చూసి భయపడవలసి వచ్చింది. ఆ సంగతి తలుచుకున్నకొద్దీ ఆమెకు ఏడుపు పోయి ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఎప్పుడో కునుకు పట్టింది.

కలలో ఒక పెద్ద ముత్తైదువ తడి జుట్టుతో వాకిట్లో నిలబడి ఉంది. లోపలికి రావడం లేదు.

"రా అమ్మా" అంది లింగక్క.

"యాడ కూర్చోనే? నా చోటు పెరుక్కొని పోయినారు కదా."

"నన్నేం చెయ్యమంటావు? నా దగ్గర రాయి లేదు, ఉలి లేదు. మొగుడు ఊర్లో లేడు."

"నీకు ఒళ్లు ఉంది కదా. అడ్డంగా పడుకో. నీ కింద నేను పడుకుంటా."

లింగక్క మేలుకొని, పిల్లను లోపల వదిలి, గుంటలో అడ్డంగా పడుకుంది. తల ఒక గోడకు, కాళ్లు ఒక గోడకు ఆనాయి. నీళ్లకుండతో పోతున్న కాటమ్మ ఆగి చూసి, "ఏందే, వాకిట్లో పండుకున్నావు? ఎండ తగిలిందా?" అంది.

"గడప లేదన్నారు కదా వదినా. ఇదో, గడప."

కాటమ్మ కుండ దించి, తన ఇంటికి పోయి, తన చంటివాణ్ణి లోపల పెట్టి, తన వాకిట్లో పడుకుంది. ఆమెను చూసి పెద్దక్క, ఆమెను చూసి నాగులమ్మ, ఆ పైన తిప్పవ్వ, ఆమె పక్కింటామె. ఈ చివరామె పేరు ఎవరికీ గుర్తు లేదు. గుడిలో పసుపు పెట్టేటప్పుడు ఆమె వంతు కూడా పెడతారు.

శేషప్ప వచ్చి చూశాడు. పడుకున్న మనిషిని దాటడం మన సీమలో ఎవరూ చేయని పని. అందులోనూ పాలిచ్చే తల్లిని దాటితే వంశం నిలవదని ఆనాటి నమ్మకం. ఆయన మనుషులు గడ్డపారలు కింద పెట్టేశారు. శేషప్ప మాత్రం వెనక్కి పోలేదు. పిల్లే బయటికి వస్తే సరిపోతుంది కదా! కోటలోంచి ఒక గిలక్కాయ తెప్పించి, లింగక్క వాకిలి ముందు గొంతుక్కూర్చుని ఆడించడం మొదలుపెట్టాడు.

"రా తల్లీ, రా రా బంగారు. చూడు ఏమొచ్చిందో. రా అమ్మా."

ఒక బిడ్డను ఇంట్లోంచి వెళ్లగొట్టడానికి ఒక పెద్దమనిషి అలా గిలక్కాయ ఆడించాడు. చదివేవారికి నవ్వు వస్తే రావచ్చు, ఆనాడు పడుకొని వింటున్న తల్లికి రాలేదు. లోపలి నుంచి ఆదెమ్మ చేతులు నేలకు తపతప కొట్టుకుంటూ వస్తున్న చప్పుడు ఆమెకు వినిపిస్తోంది. కదిలితే దారి ఇచ్చినట్టే. కదలకపోతే పిల్ల ఎక్కి దాటుతుందేమో. లింగక్క కళ్లు మూసుకుంది. ఆదెమ్మ వచ్చింది, తల్లి పొట్ట మీదికి ఎగబాకింది, గిలక్కాయ వైపు ఒకసారి చూసింది. అమ్మ దొరికాక గిలక్కాయ ఎవరికి కావాలి? రొమ్ము వెతుక్కుని పాలు తాగుతూ అక్కడే నిద్రపోయింది.

"ఇంకొంచెం గట్టిగా ఆడించయ్యా, మా వాడు కూడా పండుకుంటాడు" అని కాటమ్మ పక్క వాకిట్లోంచి కేకేసింది.

కబురు విని మల్లప నాయడు కొరడా పట్టుకుని తానే దిగివచ్చాడు. వెనక సైన్యం వచ్చింది. "వంశం గింశం నేను చూసుకుంటా. నేనే లోపలికి పోయి ఆ ఇంటి సామాను పారేస్తా" అని లింగక్క మీదుగా కాలెత్తాడు.

అప్పుడు నేల కదిలింది. పడుకున్న పశువు లేచినప్పుడు వీపు పైకి వచ్చినట్టుగా, లింగక్క కింద నల్లరాయి పైకి లేచింది. తల్లీ పిల్లా మెల్లగా ఇంటి లోపలి వైపుకు జారారు. నాయడు కాలు ఇంకా ఎత్తాడు, రాయి ఇంకా లేచింది. గడ్డపారలు వేయించాడు, మొనలు మడతపడ్డాయి. వాకిలి సగం మూసుకుపోయింది. వెనక్కి పోదామంటే అంతమంది చూస్తున్నారు. చివరికి ఆయన కొరడా పారేసి, చేతులు రాతి మీద ఆనించి, మోకాళ్ల మీద పాకుతూ లోపలికి పోయాడు. తలపాగా పైకమ్మీకి తగిలి బయటే పడిపోయింది.

ఆ ఎత్తు నుంచి ఇల్లు ఎలా ఉంటుందో దొర ఎన్నడూ చూడలేదు. మసి పట్టిన మూడు రాళ్లు, ఆరని నిప్పు, నెత్తి మీద ఖాళీ ఉయ్యాల, పాల వాసన. నిద్రలేచిన ఆదెమ్మ తన ఎత్తులో ఒక కొత్త మొహం చూసి సంబరపడి, రెండు చేతులా దొర మీసాలు పట్టుకుంది.

బయట కాటమ్మ లేచి కూర్చుని, "దొరగారు గడప దాటినారహో! గారెలు యా మహాతల్లి వండుతాదో చూడండి!" అని అరిచింది. సైన్యంలో ఎవరో నవ్వారు. ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు.

లింగక్క మాత్రం నవ్వలేదు. పిల్ల చేతులు విడిపించి, దొర మొహంలోకి చూస్తూ అంది. "గడప దాటినోళ్లు పోవాల, దాటనోళ్లు ఉండాల. నీ నోటి మాటే. నువ్వు దాటినావు. ఇంక పో దొరా."

నాయడు పోయాడు. వచ్చినట్టే, మోకాళ్ల మీద.

గడపలన్నీ మళ్లీ వచ్చాయి. సాలమ్మ ఇంట్లోంచి గుర్రాన్ని విప్పి, పేడ ఎత్తి, అలికి ఇచ్చారు. ఈ గుడి గురించి ఇదివరకు అచ్చయిన ఒక పుస్తకంలో నాయడికి అమ్మవారు ప్రత్యక్షమై వరమిచ్చిందని, ఆయన పరమభక్తుడయ్యాడని రాశారు. అది సరికాదు. అమ్మవారు దొరకు ఏమీ ఇవ్వలేదు. ఆయనకు భక్తి కలిగిందో లేదో తెలియదు, సిగ్గు మాత్రం కలిగింది. కొట్టాల్లో ఉన్నవారికి అది చాలింది.

లింగక్క బతికి ఉండగానే ఆ ఇల్లు గుడి అయింది. ఆదెమ్మ సంతతి ఆడవారే నేటికీ పూజ చేస్తున్నారు. నైవేద్యం గారెలు. చంటిబిడ్డలతో వచ్చిన తల్లులు బిడ్డను అమ్మవారి మీద బోర్లా పడుకోబెట్టి మొక్కుకుంటారు. అలా చేసిన బిడ్డకు తలదాచుకునే చోటు తప్పదని నమ్మకం. ఉండడానికి చోటు లేనివారు వానలో వస్తే లోపల పొయ్యి వెలిగించుకోవచ్చు, ఉయ్యాల వాడుకోవచ్చు. ఎవరు, ఏ ఊరు అని అడిగే పద్ధతి లేదు.

కొట్టాలలో ఇల్లు అద్దెకిచ్చేవారు ముందుగా గడప మీద చెయ్యి పెట్టి, బిడ్డ తనంతట తాను గడప దాటేదాకా ఖాళీ చేయమనం అని చెప్పాలి. పట్నాల్లో ఇలాంటి కట్టుబాటు లేదట. పిల్ల ఏడుపు వినిపిస్తోందని, గోడకు సున్నం వేయించాలని, చుట్టాలొస్తున్నారని, బాలింతను మెట్లు దింపుతున్నారట. శేషప్ప చచ్చి ఎంతకాలమైందో, ఆ గిలక్కాయ మాత్రం చేతులు మారుతూనే ఉంది.

అర్చనకు ఇక్కడ గోత్రం అడగరు. వచ్చినవారు ఇంటి యజమాని అయితే, ఆయన ఇంట్లో అద్దెకున్నవారి పిల్లల్లో అందరికంటే చిన్నబిడ్డ పేరు అడుగుతారు. పూజ ఆ పేరు మీద జరుగుతుంది. తెలియదంటే కొబ్బరికాయ ఆయన చేతిలోనే పెట్టి, తెలుసుకుని రమ్మంటారు.

ఆ మధ్య పట్నం నుంచి ఒక మేడ యజమాని వచ్చాడు. కింది వాటాలో పసిబిడ్డ ఉందని తెలుసు, పేరు తెలియదన్నాడు. ఫోన్‌లో కనుక్కుంటానంటే పూజారిణి రామలక్షుమ్మ ఒప్పుకోలేదు. "పోయి బిడ్డను చూసి రా నాయనా" అంది. ఆయన విసుక్కుంటూ కొబ్బరికాయతో బస్సెక్కాడు. పొద్దు వాలే వేళకు మళ్లీ వచ్చి, మోకాళ్ల మీద గడప ఎక్కి, ఆయాసపడుతూ చెప్పాడు.

"నస్రీన్ అంటమ్మా. ఇప్పుడిప్పుడే బోర్లా పడతాండాది. నెలాఖరుకి ఖాళీ చెయ్యమని చెప్పింటి వాళ్లకు. వద్దులే, ఉండండని చెప్పి వచ్చినా."

అర్చన నస్రీన్ పేరు మీద జరిగింది. యజమాని పేరు ఎవరూ అడగలేదు.