గిజిగాడు తీసేసిన మట్టిముద్ద

అనగనగా అనగనగా, ఏ రాజూ ఏలని, ఎవరూ కోట కట్టని ఒక వాగొడ్డు. ఆ వాగొడ్డున ఒక తుమ్మచెట్టు. ఏటేటా తొలకరికి ముందు ఆ చెట్టు మీద పిట్టల సభ జరిగేది.

పెద్ద సభేం కాదు. ఒక్క కొమ్మకు సరిపోయేంత సభ. తక్కువ సరుకుతో గూడు కట్టుకునే పిట్టలు మాత్రమే వచ్చేవి. నెమలి ఒకసారి వచ్చి, "ఇంత ఇరుకులో నా తోక ఎక్కడ పెట్టుకోను" అని వెళ్ళిపోయిందట. మళ్ళీ రాలేదు.

సభకు పెద్ద కొంగయ్య. రెండు కాళ్ళుండి కూడా ఒంటికాలి మీదే కాలం వెళ్ళదీస్తున్నాడు, ఇంతకన్నా పొదుపరి ఎక్కడ దొరుకుతాడని పిట్టలన్నీ కలిసి ఆయన్నే పెద్దగా పెట్టుకున్నాయి.

ఆ సభకు మూడు కట్టుబాట్లున్నాయి. మాట్లాడే పిట్ట గూడు కట్టే పని ఎవరి దగ్గర నేర్చుకుందో ముందుగా చెప్పాలి. తర్వాత గూడును అందరి ముందూ పోగు పోగూ విప్పి చూపాలి. దాపరికం కూడదు. చూసినవాళ్ళెవరైనా అలాగే కట్టుకోవచ్చు, ఇంకా బాగా కట్టుకోవచ్చు. ఆఖరున కొంగయ్య ఒకే ఒక్క మాట అడుగుతాడు: "ఈ ఏడు ఏం తీసేశావు?"

ఆ వాగు మీదికి వంగిన ఈతచెట్టుకు గూడు కట్టుకుని ఒక గిజిగాడు ఉండేవాడు. పేరు పసిడి. మహా బిడియస్తుడు. ఏటా సభకు వచ్చేవాడు, కొమ్మ చివర కూర్చునేవాడు, అందరి మాటలూ వినేవాడు, పలకరించేలోపే ఎగిరిపోయేవాడు. ఒక్కసారైనా నలుగురూ తన పని చూసి మెచ్చుకోవాలని మాత్రం అతనికి లోపల ఉండేది.

ఆ ఏడు అతని భార్య మినుకు గుడ్లు పెట్టింది. గూడు కట్టడం పసిడికి తండ్రి నేర్పాడు. గడ్డిపోచ చీల్చడం, ముడి వేయడం, కింద గొట్టంలాగా వాకిలి దించడం, అన్నీ నేర్పాడు. చివరికి లోపలి గోడకు అటొకటి ఇటొకటి తడిమట్టి ముద్దలు అంటించేవాడు. ఎందుకో చెప్పకుండానే ఆ తండ్రి పోయాడు. ఆయన కట్టిన పాత గూడు మాత్రం అదే ఈతచెట్టుకు, పక్కమట్టకు, ఎండిపోయి ఇంకా వేలాడుతూనే ఉంది.

సభ రోజు వచ్చింది. ముందుగా పావురమ్మ లేచింది.

"మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. గుప్పెడు పుల్లలు, అంతే. ఈ ఏడు లోపలి మెత్త తీసేశాను."

"కింద నిలబడి చూస్తే నీ గుడ్లు కనబడుతున్నాయమ్మా," అంది కాకి.

"చూస్తే చూడనీ వదినా. ఎత్తుకుపోకుంటే చాలు," అంది పావురమ్మ. అందరూ నవ్వారు.

తర్వాత కుట్టుపిట్ట లేచింది. "దారం సాలీడుది, ఆకు మేడిచెట్టుది, ముక్కు నాది. ఈ ఏడు పుల్లలన్నీ తీసేశాను. రెండాకులు కలిపి కుట్టుకుంటే ఇల్లు."

మూడోది కోయిల. గొంతు సవరించుకుంది. "నేను గూడే తీసేశాను."

కొమ్మంతా ఘొల్లుమంది. "నువ్వు తీసేసింది నా నెత్తిన పడిందే తల్లీ," అంది కాకి. "నీ పిల్లల్ని మేపి మేపి నా రెక్కలు అరిగాయి."

"అందుకేగా వదినా, నేర్పిన గురువుగా నీ పేరే చెబుదామనుకున్నాను," అంది కోయిల.

ఆ నవ్వుల మధ్యే పసిడి ముందుకొచ్చి, ఈ పని నాన్న నేర్పాడని చెప్పాడు. సభ కోసం కట్టుకొచ్చిన చిన్న గూటిని పోచ పోచా విప్పి చూపాడు. ముడి ఎక్కడ, వాకిలి ఎక్కడ, మట్టి ఉండే చోటు ఎక్కడ, అన్నీ చూపాడు.

"ఈ ఏడు ఏం తీసేశావు?" అన్నాడు కొంగయ్య.

"మట్టి తీసేశానయ్యా. ఇప్పుడు గూడంతా గడ్డే. దూదిలాగా తేలిక."

పిట్టలన్నీ రెక్కలు తపతప కొట్టాయి. ఇంత తేలికైన గూడు ఈ కొమ్మ మీద చూడలేదన్నాయి. పసిడికి కళ్ళు చెమర్చాయి.

"ఇంతకీ మీ నాన్న ఆ మట్టి ఎందుకు పెట్టేవాడు నాయనా?" అని అడిగింది కాకి.

"తెలీదు అత్తా."

ఆ మాట రెక్కల చప్పుడులో ఎవరికీ వినబడలేదు.

పసిడి ఇంటికి వచ్చి, సభలో చెప్పినట్టే తన గూటిలోని మట్టి కూడా పెకిలించసాగాడు.

"ఏమయ్యా, అదేం చేసిందని తీస్తున్నావు?" అంది మినుకు.

"ఏమీ చేయలేదు కాబట్టే తీస్తున్నాను."

"గుడ్ల మీద ఉన్నదాన్ని, నాకు భయంగా ఉంది."

"సభకు సభే మెచ్చింది మినుకూ," అన్నాడు పసిడి. మట్టిముద్దలు బుడుంగున వాగులో పడ్డాయి.

మర్నాడు మధ్యాహ్నం ఆకాశాన కారుమబ్బులు కమ్మాయి. తొలకరి గాలి లేచింది, వాన మొదలైంది.

మొదటి విసురుకు గూడు ఊగింది. మినుకు గుడ్ల మీద రెక్కలు పరిచింది. రెండో విసురుకు గూడు గిర్రున తిరిగింది. గుడ్లు దొర్లి వాకిలి వైపు జారాయి. మినుకు ఒళ్ళు అడ్డం పెట్టింది. "ఇంకొక్క విసురు వస్తే నేను ఆపలేనయ్యా," అంది.

కింద ఎర్రనీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి.

పసిడి గాభరాగా దిక్కులు చూశాడు. పక్కమట్టకు నాన్న కట్టిన పాత గూడు కనబడింది. అదే గాలి, అదే చెట్టు. ఎవరూ లేని ఆ ఎండుగూడు మాత్రం బరువుగా, నింపాదిగా, నాన్న నడిచినట్టే అటూ ఇటూ కదులుతోంది అంతే. దానిలో మట్టి ఉంది.

మట్టి ఎందుకో పసిడికి అప్పుడు తెలిసింది. "నాన్నా," అనుకున్నాడు.

కానీ తన చిన్న ముక్కుతో ఎంత మట్టి తేగలడు? ఎన్ని సార్లు తిరగగలడు? నిన్న మెచ్చుకున్నవాళ్ళనే ఇవాళ పిలవాలి. సిగ్గు అడ్డొచ్చింది. లోపల మినుకు మూలిగింది. ఆ మూలుగుతో సిగ్గు తెగిపోయింది.

"అమ్మల్లారా, అయ్యల్లారా, నేను పొరబడ్డాను. మట్టి కావాలి. నా గుడ్లు పోతున్నాయి," అని గొంతెత్తి అరిచాడు.

వచ్చారు. కాకి నోటినిండా మట్టి కరుచుకుని వచ్చింది. పావురమ్మ వచ్చి గూటిని రొమ్ముతో అదిమిపట్టింది. "చోటు నాకు తెలుసు, నిన్న నువ్వే చూపావుగా," అంటూ కుట్టుపిట్ట లోపలికి దూరి మట్టి అంటించింది. అటొకటి, ఇటొకటి.

కోయిల కూడా తడిసిపోతూ వచ్చింది. "నాకు కట్టడం రాదు. మోయడం వచ్చు. ఎక్కడ పెట్టమంటారు?"

"ఇన్నాళ్ళకు ఒక పని చేస్తున్నావు," అంది కాకి. ఈసారి నవ్వుతూ అంది.

మూడో విసురు వచ్చింది. గూడు బరువుగా, నింపాదిగా కదిలి ఆగింది. గుడ్లు మినుకు పొట్ట కిందే ఉన్నాయి.

ఏడాది తిరిగింది. మళ్ళీ సభ. ఈసారి పసిడి కొమ్మ చివర కూర్చోలేదు. పిల్లలతో, మినుకుతో మధ్యలో కూర్చున్నాడు. వంతు రాగానే లేచాడు.

"గడ్డి అల్లడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. మట్టి ఎందుకో కూడా ఆయనే, పోయాక నేర్పాడు. మట్టి తెచ్చింది కాకత్త. గూడు పట్టుకుంది పావురమ్మ. అంటించింది కుట్టుపిట్ట. మోసింది కోయిలమ్మ. ఇదిగో, ఈ పిల్లలు మీ చలవ."

కోయిల తల తిప్పుకుని వాగు వైపు చూసింది.

"ఈ ఏడు ఏం తీసేశావు?" అన్నాడు కొంగయ్య.

"ఏమీ తీయలేదయ్యా. తీసింది మళ్ళీ పెట్టాను."

ఆ సభలో అటువంటి జవాబు ఎవరూ ఎన్నడూ చెప్పలేదు.

కొంగయ్య ఇన్నేళ్ళుగా రెక్కల కింద దాచుకున్న రెండో కాలు మెల్లగా కిందికి దించి కొమ్మ మీద ఆనించాడు.

"పోయిన తొలకరి గాలికి నేనూ ఈ కాలు దించాను. చూసినవాళ్ళు ఏమనుకుంటారోనని ఎవరికీ చెప్పలేదు," అన్నాడు. "నువ్వు చెప్పావు. నీకు దణ్ణం నాయనా."

ఆ రోజు నుంచి ఆ సభలో ఇంకో మాట కూడా అడుగుతున్నారు: "ఏం ఉంచుకున్నావు? అది ఎవరి చలవ?" దానికి జవాబు చెప్పేటప్పుడే అందరి గొంతులూ కాస్త మెత్తబడతాయి.

కాబట్టి పిల్లలూ, అక్కరలేనిది తీసేయడం మంచిదే, కానీ తీసే ముందు అది ఎందుకుందో అడగండి. మీకు వచ్చిన పనిని నలుగురికీ విప్పి చూపండి, మీరు పొరబడిన రోజున ఆ నలుగురే వచ్చి నిలబెడతారు.